సోమవారం రికార్డింగు

ఆ మంగళవారం నుంచి మూడో తరగతిలో పదకొండు మంది పిల్లలు జవాబులు చెప్పడం మానేశారు.

సోమవారం దాకా చెప్పారు.

ఆ పదకొండు మందికీ ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష. వాళ్ళు పాఠం ఎలా అందుకుంటారన్నదే పరిశోధకురాలి విషయం.

"ప్రశ్నావళి పంచుతావా, తరగతిలో కూర్చుని రికార్డు చేస్తావా? తేల్చుకోమ్మా," అన్నారు గైడు.

"కూర్చుంటాను సార్. టిక్కులు పెట్టించుకుంటే పిల్లల గొంతు వినపడదు."

సోమవారం రికార్డింగు ఇంటికెళ్ళి విన్నది. మాటల మధ్య సన్నగా గొణుగుడు.

కిటికీ బయట అరుగు మీద రోజూ ఒక పెద్దావిడ కూర్చునేది. ఒళ్ళో సంచి. పెదాలు ఆడుతూనే ఉండేవి. గొణుగుడమ్మ అని టీచర్లు పేరు పెట్టారు.

"ఎవరి నాయనమ్మండీ?"

"ఎవరిదో. ఆ నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు," అని నవ్వింది క్లాసు టీచరు.

మంగళవారం ఉదయం పరిశోధకురాలే బయటికి వెళ్ళింది.

"అమ్మా, గేటు దగ్గర కూర్చోండి. మీ మాటలు మెషీన్లో పడుతున్నాయి."

"చిన్నగానే అంటున్నా కదమ్మా."

"అయినా పడుతున్నాయి."

"ఎన్నాళ్ళు?"

"నా పని అయ్యేదాకా."

పెద్దావిడ కిటికీలోంచి లోపలికి చూసింది.

"మరి వాళ్ళకి?"

"వాళ్ళకి టీచరు ఉన్నారు కదా."

ఆవిడ సంచి అందుకుని, గోడ పట్టుకుని లేచింది.

ఆ రోజు నుంచి రికార్డింగు శుభ్రంగా వచ్చింది. టీచరు ప్రశ్న. నిశ్శబ్దం. మళ్ళీ అదే ప్రశ్న.

"ఏంట్రా, బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు?"

నిశ్శబ్దం.

వారం చూసి గైడుతో చెప్పింది.

"మెషీన్ని చూసి బెదిరి ఉంటారు. ప్రశ్నావళికి మారిపో. టీచర్లు నింపుతారు," అన్నారాయన.

మారిపోయింది. పదకొండు పేర్లకు ఎదురుగా టీచర్లు ఒకే గడిలో టిక్కు పెట్టారు: 'గ్రహణశక్తి తక్కువ.'

పట్టికలు బాగా కుదిరాయి. థీసిస్ ఆమోదం పొందింది. ఒక ప్రతి బడికి వెళ్ళింది. అది చూసి పదకొండు మందినీ రెండో తరగతికి దించారు.

కానీ ఆ గొణుగుడు ఆమెను వదల్లేదు. ఖాళీ గదిలో, కుళాయి కట్టేసిన తర్వాత, బస్సు ఆగినప్పుడు, చెవిలో జోరీగలా.

చివరికి సోమవారం రికార్డింగు మళ్ళీ పెట్టింది. ఈసారి హెడ్‌ఫోన్లతో.

టీచరు ప్రశ్న. గొణుగుడు. పిల్లల జవాబు.

ఇంకో ప్రశ్న. గొణుగుడు. జవాబు.

ఒక్కసారి కూడా ఆ వరస తప్పలేదు.

మర్నాడే బడికి వెళ్ళింది. గేటు దగ్గర ఎవరూ లేరు. రెండో తరగతిలో వెనక బెంచీ మీదున్న పిల్లను పిలిచి, హెడ్‌ఫోన్లు పెట్టింది.

పిల్ల వింటూ వింటూ చటుక్కున కిటికీ వైపు తిరిగింది. తర్వాత తల దించుకుంది.

"మీ నాయనమ్మా?"

"కాదండీ. ఎవరికీ ఏమీ కాదు. మా మాట వచ్చు, అంతే."

"ఇప్పుడు ఎక్కడుంటారు?"

"చనిపోయిందండీ. గేటు దగ్గర ఎండలో కూర్చుని కూర్చుని జ్వరం వచ్చింది."

పరిశోధకురాలు మెషీన్ ఆపింది.

"రోజూ ఏమనేది?"

"టీచరు ఏది చెబితే అదేనండీ. మాకు అర్థమయ్యేలాగా."

థీసిస్ లైబ్రరీ బీరువాలో ఉంది. ఆ మూడో తరగతికి ఇద్దరు టీచర్లు ఉండేవారన్న మాట అందులో ఇంకా చేరలేదు.