ఇంట గెలవని పెట్టె

"ఆ ఎర్రలైటు తీగ పీకెయ్యండి మాస్టారూ. ఎవరు చూడొచ్చేరు?" అన్నారు ప్రిన్సిపాల్ సుబ్బరాజు గారు, ల్యాబ్ తలుపు దగ్గరగా వేసి.

శరభయ్య మాస్టారు తలెత్తలేదు. తనిఖీకి వచ్చిన కమిటీవాళ్ళు కింద టిఫిన్లు చేస్తున్నారు. పెసరట్టు ఉప్మా అయ్యాక పైకి వస్తారు. ఈ ప్రాజెక్టు ఇంకో రెండేళ్ళు నడవాలో, ఇవాళే మూతపడాలో బల్ల మీది ఆ చిన్న పెట్టెను చూసి తేల్చేస్తారు.

"ముప్ఫై ఏళ్ళుగా మసితోనే కాపురం చేస్తున్నానండీ రాజుగారూ. మసిపూసి మారేడుకాయ చెయ్యడం మాత్రం నాకు చేతకాలేదు," అన్నారు మాస్టారు.

ఆయన మసి మామూలు మసి కాదు. కార్బన్ నానోట్యూబులు. వెంట్రుక కన్నా వేల రెట్లు సన్నని బొగ్గు గొట్టాలు. అమలాపురం దగ్గరి ఈ పీజీ సెంటర్లో కెమిస్ట్రీ చెబుతూ, కరెంటు ఉన్నంతసేపూ కొలిమి రగిలించి, జీవితమంతా వాటినే పండించారు. ఆ గొట్టాలతో చివరికి ఒక పెట్టె చేశారు. రొయ్యల చెరువులో మలమూత్రాలూ, తినగా మిగిలిన మేతా కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. అది ముదిరితే చెరువు చెరువంతా చస్తుంది. గాలిలో ఆ అమ్మోనియా జాడ తగలగానే పెట్టెకు ఎర్రలైటు వెలగాలి. గాలి మంచిదైతే ఆరిపోవాలి.

వెలగడం భేషుగ్గా వెలిగింది. ఆరడమే లేదు. కొత్త బిల్డింగులో గదులు చాలక మాస్టారికి కారిడార్ చివరి గది ఇచ్చారు. పెట్టె పుట్టింది ఆ గదిలోనే. పుట్టిన రోజు నుంచీ వెలుగుతూనే ఉంది. గొట్టాలు మార్చారు, వాటి మీద పూత మార్చారు, మళ్ళీ కొత్తగా పండించారు. మూడేళ్ళు గడిచాయి. తప్పు తన గొట్టాలదేనని మాస్టారు ఒప్పేసుకున్నారు. నిన్న సాయంత్రం ఆ ఎర్రటి వెలుగు చూడలేక స్విచ్చి కట్టేసి ఇంటికి వెళ్ళిపోయారు.

"ఒక్కసారి చెరువు గట్టు మీదకి పట్టుకెళ్ళి చూద్దామండీ అంటే తమరు వినలేదు," అంది పక్క బల్ల దగ్గరున్న ఆయన శిష్యురాలు సాయిశ్రీ. ఆమె పీహెచ్‌డీ అంతా ఆ పెట్టెలోనే ఉంది. అది చెడితే చదువు మానేసి ఏదో ఒక బడిలో చేరిపోవడమే.

"ఇంట గెలిచి రచ్చ గెలవాలమ్మా. ఈ గదిలో మంచిగాలికే ఆరని లైటు, గట్టు మీద రైతుకేం చెబుతుంది?"

"ఆయ్," అంది సాయిశ్రీ నీరసంగా.

మాస్టారు ఆ పిల్లను వెంటబెట్టుకుని కమిటీని పిలుచుకురావడానికి కిందికి వెళ్ళారు. మెట్లకు ఎర్రరంగు, గోడలకు సున్నం, కారిడార్ పొడవునా ఫినాయిలు. మగపెళ్ళివారికైనా ఇంత హడావుడి ఉండదు. రాజుగారు మాత్రం గదిలోనే ఉండిపోయారు.

కమిటీ పెద్దాయన వస్తూనే పెట్టె ముందు నిలబడ్డారు. "ఏదీ, ఆన్ చెయ్యండి."

సాయిశ్రీ కళ్ళు మూసుకుని స్విచ్చి నొక్కింది. లైటు వెలగలేదు. కాసేపు చూశారు. అప్పుడూ వెలగలేదు.

"బాగుందే. గాలి శుభ్రంగా ఉందంటోంది," అన్నారు పెద్దాయన. "ఇప్పుడు అమ్మోనియా చూపించండి."

సాయిశ్రీ మొహం విప్పారింది. సీసా కోసం బీరువా వైపు గబగబా నడిచింది. మాస్టారు రాజుగారి వైపు చూశారు. రాజుగారు ముసిముసిగా నవ్వుతున్నారు. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది.

"ఆగమ్మా," అన్నారు. "అయ్యా, దీన్ని నమ్మకండి. ఎవరో లోపల తీగ పీకేశారు. ఈ లైటు మూడేళ్ళలో ఒక్కరోజు కూడా ఆరిన పాపాన పోలేదు. నా గొట్టాలు పనికిరావు."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీలాంటివాళ్ళు అరుదు మాస్టారూ," అన్నారు గౌరవంగా. అంతే గౌరవంగా ప్రాజెక్టు మూసివేత కాగితం ముందుకు జరిపారు.

మాస్టారు సంతకం పెట్టి కుర్చీలో కూలబడ్డారు. ఏడుపూ రాలేదు, కోపమూ మిగల్లేదు. ఇంటికెళ్ళి పడుకుంటే చాలనిపించింది. కమిటీవాళ్ళు కాగితం తీసుకుని కారిడార్‌లోకి నడిచారు.

"నేను ముట్టుకోలేదు మాస్టారూ. మురమళ్ళ వీరేశ్వరస్వామి మీద ఒట్టు," అని గొణిగి రాజుగారు వాళ్ళ వెనకాల పరుగెత్తారు.

సాయిశ్రీ పెట్టె మూత విప్పి లోపలికి చూసింది. "తీగ ఊడలేదండీ మాస్టారూ. ఉన్నచోటే ఉంది."

"అయితే అదీ నాలాగే అలిసిపోయిందమ్మా. వదిలెయ్యి."

కారిడార్‌లోంచి పెద్దాయన గొంతు వినిపించింది. "బాత్‌రూమ్ ఎక్కడండీ?"

"ఇదిగోనండీ, ఈ ల్యాబ్ గోడ పక్కనే," రాజుగారి గొంతు హుషారుగా ఉంది. "తమరు నిశ్చింతగా వెళ్ళొచ్చండీ. బిల్డింగు కట్టేక ఇన్నాళ్ళకి, తమరొస్తున్నారని ఇవాళ తెల్లారుజామున యాసిడ్ పోసి కడిగించేం. ఈ కెమిస్ట్రీవాళ్ళ ముక్కులు మొద్దుబారిపోయి ఓర్చుకున్నారు గానండీ, నిన్నటిదాకా ముక్కు మూసుకోకుండా ఇటొచ్చినవాడు లేడు."

మాస్టారి తల మెల్లగా పెట్టె వైపు తిరిగింది.

గోడ అవతల బాత్‌రూమ్ తలుపు పడింది. కాసేపటికి, బల్ల మీద ఎర్రలైటు వెలిగింది.