నుదుటి మీది నీళ్లు

బురదలో కూరుకుపోయి చచ్చిన గుర్రాల మధ్య నుంచి వైవ తన కొడుకును ఏటి దాకా ఈడ్చుకొచ్చింది.

గెద్విల్ కడుపులో ఈటె మొన విరిగి ఉంది. పొద్దు వాలేదాకా బతకడని చూస్తేనే తెలుస్తోంది.

గెలిచింది వైవ మనుషులే. ఇనుము తొడుక్కుని చిత్తడిలోకి దిగిన శిలువ దొరలను ఆ చిత్తడే సగం మింగేసింది.

గెద్విల్ మాత్రం ఆ దొరల పక్షాన పోరాడాడు. ఏడేళ్లప్పుడు సంధికి పూచీగా వాణ్ణి వాళ్ల కోటలో అప్పగించి వచ్చింది ఈ తల్లే. దొరలు వాడి నుదుట నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చి తమలో కలుపుకున్నారు.

పద్నాలుగేళ్ల తర్వాత, కనుబొమ్మ మీది మచ్చను బట్టి పోల్చుకుంది.

గట్టు మీద ఆమె తమ్ముడు బుటౌత్ చితి పేరుస్తున్నాడు. పొగతో పైకి వెళ్తేనే మనిషి తనవాళ్లను చేరుకుంటాడు. వైవ భర్త అలాగే వెళ్లాడు. బాప్తిస్మం మీదున్నవాణ్ణి ఆ పొగ మోయదు. దాన్ని ఏటి నీళ్లతో కడిగేయాలి, అదీ ప్రాణం ఉండగానే.

ఇన్నేళ్లూ వైవను నిలబెట్టింది ఒక్కటే ఆశ. ఇక్కడ కాకపోతే పైనైనా కొడుకు తన దగ్గరికి వస్తాడని.

"తొందరగా కడుగక్కా. అక్కడ బావ ఎదురుచూస్తుంటాడు," అన్నాడు బుటౌత్.

వైవ దోసిట నీళ్లు తీసింది.

గెద్విల్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఇంటి భాష సగం మరిచిపోయాడు, మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. కోటలో పెళ్లయిందట. ఒక కూతురట, దాని నుదుటా నీళ్లు పోశారట. పోయిన చలికాలం జ్వరమొచ్చి పోయిందట. దొరల గుడి పక్కన మట్టిలో పెట్టారట.

"మూడేళ్లేనమ్మా దానికి. చీకటంటే భయం. నువ్వు కడిగేస్తే నేను దాని దగ్గరికి పోలేను."

వైవ వాడి మీదికి వంగింది.

"దాని పేరేంట్రా?"

"నీ పేరే పెట్టుకున్నాను."

దోసిట్లోని నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. ఆమె మళ్లీ ముంచలేదు.

కొడుకు తలను ఒళ్లోకి తీసుకుని తమ్ముణ్ణి పిలిచింది. చితి వద్దంది, గొయ్యి తవ్వమంది.

బుటౌత్ చేతిలోని కట్టె కింద పెట్టాడు.

"మట్టిలో పెడితే వాడు నీకు మళ్లీ ఎక్కడా కనబడడక్కా."

"తెలుసు," అంది వైవ. "నెమ్మదిగా తవ్వు."