ఉలవల కట్టుబాటు

కొండ చుట్టూ ఏటా జరిగే పరుగుపందెంలో ఎప్పుడూ గుర్రమే గెలిచేది. దాని దగ్గరున్నంత తిండి తమకెక్కడిదని మిగతా జంతువులు మొరపెట్టుకుంటే, అడవికి పెద్దగా ఉన్న ఏనుగు ఒక కట్టుబాటు పెట్టింది. పందేనికి ముందు నెల రోజుల్లో ఎవరూ ముప్పై మానికల ఉలవలకు మించి తినకూడదు.

గాడిద ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించింది. తన ముప్పై మానికలూ ముందే అయిపోతే, ఆఖరి మూడు రోజులూ ఎదురుగా ఉలవల కుప్ప ఉన్నా నోరు కట్టుకుంది. పందెంలో ఒక్క అడుగు తేడాతో గుర్రం చేతిలో ఓడిపోయింది.

మర్నాడే గుర్రం యాభై మానికలు తిన్న సంగతి బయటపడింది.

"తప్పు తప్పే. జరిమానాగా ఐదు మానికలు కట్టు," అంది ఏనుగు.

"ఐదేం ఖర్మ, పది తీసుకోండి," అని గుర్రం సకిలించింది. మెడలో గెలుపు దండ అలాగే ఉంది.

గాడిదకు ఒళ్లు మండిపోయింది. "నా పస్తుల మాటేమిటి పెద్దయ్యా? దాని దండ తీయించరా?"

"జరిమానా కట్టేసిందిగా. ఇంకా గొడవెందుకు?"

"అయితే మీరు పెట్టింది కట్టుబాటు కాదు, ధర! ఉన్నవాడు కొనుక్కుంటాడు, లేనివాడు కడుపు మాడ్చుకుంటాడు!" అంటూ గాడిద గిర్రున తిరిగి వెళ్లిపోయింది. దాని వెనకే మేకా, జింకా కూడా కదిలాయి.

మరుసటేడు పందేనికి గుర్రం ఒక్కటే వచ్చింది. కొండంతా చుట్టివచ్చి, ఒగరుస్తూ దండ కోసం మెడ వంచింది. అది ఎవరి మీద గెలిచిందని చాటాలో ఏనుగుకు తెలియలేదు.