పచ్చ చుక్క సీసా

హలో, అందరూ బాగున్నారా? వినబడుతోంది కదా? చిన్న కథే, చేతిలో టీ చల్లారేలోపు అయిపోతుంది.

ల్యాబ్ మేడమ్ వాళ్ల పాప పుట్టినరోజు. మేడమ్ కేకు ముక్క ప్లేటులో పెట్టి, పాపని వెంటబెట్టుకుని ఎదురింటి తలుపు కొట్టింది.

తలుపు తీసిన పెద్దాయన ప్లేటు వంక చూశాడు. చెయ్యి మాత్రం చాపలేదు.

"ఇందులో ఏమేం వేశారమ్మా?"

మేడమ్‌కి చివుక్కుమంది.

"విషమైతే వెయ్యలేదు బాబాయ్‌గారూ."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. పాప తల నిమిరి, మెల్లగా తలుపు వేసుకున్నాడు.

సాయంత్రానికి ఆ సంగతి అన్ని వాటాలకీ పాకింది. ఆయనకి అప్పటికే గీర తాతయ్య అని పేరు. ఎవరింట్లోనూ మంచినీళ్లయినా ముట్టడు. బయటికి వెళ్తే గొడుగు కర్రకి సొంత స్టీలు గ్లాసు వేలాడాల్సిందే. మన చేతులకేమైనా మసి అంటుకుందా అని కింద వాటా అత్తయ్య దెప్పింది. మేడమ్ పలకరించడమే మానేసింది.

ఆయన మాత్రం ఆమె ఇంటికొచ్చే వేళకి తలుపు ఓరగా తీసి కూర్చునేవాడు.

"ల్యాబులో పని ఎంతవరకు వచ్చిందమ్మా?" అని ఓసారి అడిగాడు.

మేడమ్ తాళం వెతుక్కుంటున్నట్టు బ్యాగులో తల దూర్చింది.

ఆమె పని మొక్కజొన్నతో. జన్యువు మార్చిన కొత్త గింజ ఒకటి వచ్చింది. మనుషులు తినొచ్చా, కోళ్లకీ పశువులకీ దాణాగా వెయ్యొచ్చా తేల్చాలి. కోళ్ల మేత పరీక్ష గట్టెక్కింది. ఎలర్జీ పరీక్ష మిగిలింది. మామూలు మొక్కజొన్నే ఒంటికి పడనివాళ్లు కొందరుంటారు. వాళ్ల రక్తంలోంచి తీసిన సీరంకి పాత గింజ సారం, కొత్త గింజ సారం తగిలించి, కొత్తదానికి ఎక్కువగా ఉలిక్కిపడుతుందా అని చూస్తారు.

రక్తమిచ్చినవాళ్ల పేర్లు ల్యాబుకి చెప్పరు. సీసా మీద రంగు చుక్క ఉంటుంది, అంతే.

పచ్చ చుక్క సీసా అంటే మేడమ్‌కి ప్రాణం. రవ్వంత తేడా ఉన్నా పసిగట్టేది అదొక్కటే. దానికి 'కాపలాదారు' అని పేరు పెట్టుకుంది. పక్కన ఎవరూ లేని మధ్యాహ్నాలు దానితోనే కబుర్లాడేది.

ఇంతలో కింద వాటాలో పిండిమర పెట్టారు. పెద్దాయన దగ్గుతూ ఇల్లు ఖాళీ చేశాడు. మర చప్పుడు కూడా గిట్టలేదు మహారాజుకి అని నవ్వుకున్నారు.

వెళ్లేముందు ఆయన మేడమ్ గుమ్మం ముందు ఆగాడు.

"వెళ్లొస్తానమ్మా."

ఇంకేదో చెప్పబోయాడు. మేడమ్ 'ఊఁ' అని లోపలికి వెళ్లిపోయింది.

తరువాతి వారం పరీక్షలో పచ్చ చుక్క ఒక్కటే కొత్త గింజకి ఎక్కువగా ఉలిక్కిపడింది. నిజమో, పొరపాటో తేలాలంటే మళ్లీ చెయ్యాలి. సీసా చూస్తే అడుగంటింది. అది తేలకుండా ఆ గింజ తినొచ్చనీ చెప్పడానికి లేదు, వద్దనీ చెప్పడానికి లేదు.

మేడమ్ రక్తం తీసే నర్సుకి ఫోన్ చేసింది.

"పచ్చ చుక్క మనిషిని ఒక్కసారి పిలిపించక్కా."

ఆయన ఇల్లు మారిపోయారనీ, ఫోన్ కలవడం లేదనీ నర్సు చెప్పింది. పాపం ఒంటరి మనిషట. మొక్కజొన్న పిండి ఏ కేకులో, ఏ పొడిలో దాక్కుందోనని బయట ఏదీ ముట్టరట. వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేవారట, పిల్లలు భయం లేకుండా తినొచ్చో లేదో తేలిందా అని.

"ఎలాగైనా వెతకాలక్కా."

"పేరు నేను చెప్పకూడదు మేడమ్. కొత్త చోటు ఎదురింటావిడకి చెప్పి వెళ్తానన్నారు, ఆవిడెవరో నాకు తెలీదు. గొడుక్కి స్టీలు గ్లాసు తగిలించుకుని తిరిగే మనిషి కదా, ఆవిడకి గుర్తుండే ఉంటారు."

అంతేనండీ. నచ్చితే నలుగురికీ పంపండి. మీ ఎదురింటివాళ్ల నంబరు ఉంటే ముందు వాళ్లకే పంపండి. లేదంటే వెళ్లి అడిగి తీసుకోండి.