ఒంటి చక్రానికి లావు టైరు

హారిక గారు నాలుగో రోజు కూడా వచ్చేరు. కొత్తపేటలో నాది సైకిలు షాపు. ఆవిడది ఒంటి చక్రం సైకిలు. చేల గట్ల మీదా, బురదలోనూ తొక్కుతారు. దానికి లావు టైరొకటి తెచ్చి ఎక్కించమన్నారు.

"అయ్యిందా తాతగారూ? ఎల్లుండే పోటీ."

"టైరు ఇంకా పక్కనున్న ఫోర్కు కడ్డీలకి రాసుకుంటోందమ్మా."

"మూడు రోజుల్నించీ ఇదే మాట!" అంటూ సైకిలు లాక్కుని చక్రం గిర్రున తిప్పేరు. ఎక్కడా రాసుకోలేదు.

నేను తల వంచుకున్నాను. "ఆయ్. టైరు పక్క బొడిపెలు బ్లేడుతో కోసేసరికి మొదటి రోజే సరిగ్గా సరిపోయిందండి."

"మరి ఇవ్వరేం?"

"నలభై ఏళ్ళలో నేను తొక్కి చూడకుండా ఏ సైకిలూ ఇవ్వలేదమ్మా. ఇదేమో ఎక్కితే పడేస్తోంది."

ఆవిడ నవ్వలేదు. భుజం అందించి, "ఎక్కండి" అన్నారు.

ఎక్కేను. ఎదర టీ కొట్టులో వాళ్ళంతా గ్లాసులతో లేచి నిలబడ్డారు. భుజం వదిలేసి, పది గజాలు పడకుండా వెళ్ళేను.

హారిక గారు సైకిలు కోసం చెయ్యి చాపేరు.

నేను ఇవ్వలేదు.

"సీటు కాస్త వదులుగా ఉందమ్మా," అన్నాను. "రేపోసారి రండి."