సత్తెమ్మ అన్న మాట

"ఇంకొంచెం వేగంగా నడవండి మొగిలిగారూ. గుండె నిమిషానికి నూట నలభై మూడు సార్లు కొట్టుకోవాలి. అప్పుడే దానికి రక్తం సరిగ్గా అందుతోందో లేదో స్కానులో తెలుస్తుంది," అంది డాక్టర్ రసజ్ఞ.

"మోకాళ్లు పోతున్నయి మేడం," అన్నాడు ట్రెడ్‌మిల్లు మీద మొగిలి. నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు సెక్యూరిటీ గార్డు. ఈ మధ్య మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది. రేపు ప్రత్యేక తెలంగాణ ధర్నాకు పోవాలంటే ముందు ఈ పరీక్ష చేయించుకోవాలని భార్య సత్తెమ్మ పట్టుబట్టింది.

తెర మీద గుండె వేగం చూపే అంకె నూట ఇరవై దగ్గరే ఆగిపోయింది.

"తెలంగాణ రాదని అనుండ్రి మేడం. కోపమొస్తే గుండె అదే ఉరుకుతది," అంది పక్కనే నిలబడ్డ సత్తెమ్మ.

విజయవాడ అమ్మాయి రసజ్ఞ ఇబ్బందిపడుతూ, "తెలంగాణ రాదండి," అంది.

మొగిలి నవ్వేశాడు. "గంత మర్యాదగ అంటే కోపమెట్లొస్తది బిడ్డా?"

అంకె కదల్లేదు.

సత్తెమ్మ అతని చెవి దగ్గరికి వెళ్లింది. "నువ్వంటే నాకు పానం. నీకేమన్న అయితే నేనుండలేను."

ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ మాట అనడం అదే మొదలు. నూట ముప్పై, నూట నలభై, నూట యాభై!

"చాలు, పడుకోండి!" రసజ్ఞ గబగబా స్కాన్ చేసింది. "రక్తం బాగానే అందుతోందండి. భయం లేదు."

మొగిలికి అదేమీ పట్టలేదు. "పరీక్ష కోసమన్నవా, నిజంగనే అన్నవా?"

"పరీక్ష కోసమే," అంది సత్తెమ్మ తల దించుకుని.

రసజ్ఞ ఆమె మణికట్టు పట్టుకుని నాడి చూసింది.

"ఈవిడది నూట ఇరవై ఉందండి," అంది మొగిలితో.