అసలు పేరు

"నీ పేరేటమ్మా?"

పార్కు గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న ముసలమ్మ, శైలజ కూతురి చెయ్యి పట్టుకుని ఆపింది.

"బుజ్జమ్మ," అంది నాలుగేళ్ళ పిల్ల.

"అమ్మ పేరు?"

"అమ్మ."

"మరి మీ ఊరేటి?"

"మా ఇల్లు."

వెనక క్యూలో వాళ్ళు నవ్వారు. శైలజకు ఒళ్ళు మండింది. భర్త మోహనకృష్ణకు ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. గరివిడి నుంచి ఒక్కతే పిల్లని చంకనేసుకుని, రెండు బస్సులు మారి ఎచ్చెర్ల దాకా వచ్చి, ఎండలో అరగంట నిలబడి టిక్కెట్లు తీసుకుంటే, ఇప్పుడు ఈ పరీక్ష ఒకటి.

ముసలమ్మ వదిలే రకం కాదు.

"బుజ్జమ్మ ముద్దు పేరు. అసలు పేరు సెప్పు తల్లీ."

పిల్ల అమ్మ ముఖం చూసింది. తెలిస్తే కదా చెప్పడానికి. మోహనకృష్ణ తన తల్లి పోయిన ఏడాదికి పుట్టిన బిడ్డకు ఆమె పేరే పెట్టుకున్నాడు. అత్తగారి పేరు పెట్టి పిల్లని ఏ కోడలు పిలుస్తుంది, ఏ కోడలు తిడుతుంది? అలా ఇంటిల్లిపాదికీ అది బుజ్జమ్మ అయి కూర్చుంది.

"మా అత్తగారి పేరు పెట్టాం," అంది శైలజ ముక్తసరిగా.

"అయితే మరీ నువ్వే సెప్పాలి. పోయిన అత్త ఏటీ అనుకోదు గానీ, పిల్లకి పేరు తెలకపోతే కష్టం."

ముసలమ్మ చెయ్యి వదలడం లేదు. క్యూ కదలడం లేదు.

"ఈశ్వరి," అంది శైలజ. పెళ్ళయ్యాక ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదటిసారి.

ముసలమ్మ తల్లి పేరూ ఊరూ కూడా అడిగి, పిల్లచేత మూడు ముక్కలూ వల్లె వేయించింది. ఈశ్వరి. అమ్మ శైలజ. ఊరు గరివిడి. తడబడకుండా వచ్చాక సంచిలోంచి బెల్లం పాకం లాగి చేసిన జీడి ముక్క తీసి పిల్ల చేతిలో పెట్టింది.

శైలజ అది లాక్కుని పక్కన పారేసింది. ముక్కూ మొహం తెలియని మనిషి పెట్టింది ఎలా తిననిస్తుంది?

ముసలమ్మ వెనకున్న పిల్లాణ్ణి దగ్గరకు పిలుచుకుంది.

లోపలికి వెళ్తూనే శైలజ ఆఫీసులో ఫిర్యాదు చేసింది. గేటు దగ్గర ఎవరో ముసలిది పిల్లల పేర్లూ ఊళ్ళూ ఆరా తీస్తోందని, తినడానికేవో పెడుతోందని చెప్పింది. మేనేజరు చూస్తానన్నాడు. ఆమె చెప్పింది తప్పని కూడా అనలేం. రోజులు అలా ఉన్నాయి.

మధ్యాహ్నం దాకా బాగానే గడిచింది. నీళ్ళ ఆటలయ్యాక పిల్లకు పొడి గౌను తొడిగి, తడి గౌను పిండి సంచిలో పెట్టి తలెత్తేసరికి బుజ్జమ్మ లేదు.

"బుజ్జమ్మా," అని పిలిచింది.

నలుగురు పిల్లలు తిరిగి చూశారు. వాళ్ళలో తన పిల్ల లేదు.

శైలజకు పై ప్రాణాలు పైనే పోయాయి. పడుతూ లేస్తూ మైకు గదికి పరుగెత్తింది. అక్కడి మనిషి పిల్ల పేరడిగితే నోటికి బుజ్జమ్మే వచ్చింది. పొద్దున్నుంచి ముగ్గురు బుజ్జమ్మల్ని పిలిచానని, అసలు పేరు చెప్పమని అన్నాడతను.

"ఈశ్వరి," అంది. ఈసారి తడుముకోలేదు.

మైకులో ఆ పేరు మూడుసార్లు మోగింది. నాలుగోసారి మోగేలోపు ఒక టీచరు బుజ్జమ్మను ఎత్తుకుని వచ్చింది. కళింగపట్నం నుంచి వాళ్ళ బడి పిల్లలు వచ్చారట. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలులా బయట బస్సెక్కుతుంటే, ఆ రైలు చివర ఈ పిల్ల కూడా కలిసిపోయిందట. మైకులో పేరు వినగానే చొక్కా వదిలి చెయ్యెత్తిందట.

"నేనే ఈశ్వరి, అమ్మ శైలజ, ఊరు గరివిడి అని గడగడా అప్పజెప్పిందండీ. లేకపోతే మాతో వచ్చేసేది," అంది టీచరు.

శైలజ కూతుర్ని గుండెకు హత్తుకుని ఏడ్చింది. కాస్త తేరుకున్నాక పిల్లను దింపకుండానే గేటు దగ్గరకు నడిచింది.

స్టూలు ఖాళీగా ఉంది.

ముసలమ్మ ఏదని గేటు కాపలా నరసింగరావును అడిగింది.

"మీరే కదమ్మా కంప్లైంటు ఇచ్చారు. మేనేజరు గారు పంపించీసారు. ఇంక రావద్దన్నారు."

ఆమె పార్కు మనిషి కాదట. జీళ్ళు అమ్ముకుంటుందట. ఎక్కడ జాతర, తీర్థం జరిగితే అక్కడికి వెళ్ళేదట, పార్కు పెట్టాక రోజూ ఇక్కడికే వస్తోందట. పాఠం అప్పజెప్పిన పిల్లలకు మాత్రం ఊరికే పెడుతుందట.

శైలజకు తల కొట్టేసినట్టయింది. వెతుక్కుంటూ వెళ్ళయినా ఆమె కాళ్ళు పట్టుకోవాలనిపించింది. పేరూ ఊరూ చెప్పమని, రాసుకుంటానని ఫోను తీసింది.

"సిన్నతల్లి అంటామమ్మా."

"అది ముద్దు పేరు కదా. అసలు పేరు?"

నరసింగరావు ఖాళీ స్టూలు వైపు చూశాడు.

"అయిదేళ్ళప్పుడు తీర్థంలో తప్పిపోనాదంటమ్మా. మైకు కాడ పేరడిగితే సిన్నతల్లి అన్నాదంట, అమ్మ పేరడిగితే అమ్మ అన్నాదంట, ఊరడిగితే ఇల్లు అన్నాదంట. జీళ్ళమ్మే మనిషెవరో తీసుకెళ్ళి పెంచినాది. అసలు పేరేటో, ఊరేటో ఈరోజుకీ ఆవిడికే తెల్దు."